పాట కడితే బాధ తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

సొంతంగా పాటలు కట్టుకుని పాడేవాళ్ళతో కూర్చుని పనిచేయడం నా వృత్తి. నేనూ రాస్తాను, పాడతాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఏదో ఒక దెబ్బ తిన్నాకే ఈ దారి పట్టినవాళ్ళు: ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళు, పెద్ద జబ్బు నుంచి లేచినవాళ్ళు, పెళ్ళి విరిగిపోయినవాళ్ళు. వాళ్ళ నోట తరచూ వినే మాటలివి.

అపోహ: మనసులో ఉన్నదంతా పాటలో కక్కేస్తే బరువు దిగిపోతుంది.

వాస్తవం: ఆ రోజుకైతే బరువు పెరగడమే ఎక్కువ. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ చేదు అనుభవాల గురించి రాయించారు. జరిగిందీ, అప్పుడు తమకేమనిపించిందీ రెండూ రాసినవాళ్ళు వెంటనే మరింత దిగులుపడ్డారు. కానీ తర్వాతి 6 నెలల్లో వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. అక్కడ రాయించింది వచనమే అయినా, పాటల విషయంలో నేను చూసేది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. మొదటి డ్రాఫ్టు రోజున చాలామంది కళ్ళు ఎర్రబడే ఇంటికి వెళ్తారు.

మేలు జరిగేది ఆ తర్వాతి చెక్కుడు పనిలో. "నన్ను ఒంటరిని చేసి వెళ్ళిపోయావు" అన్న మాట బాణీలో పట్టదు, రెండక్షరాలు ఎక్కువవుతాయి. సరిపోయే మాట కోసం వెతుకుతున్నంతసేపూ ఆ మనిషి తన బాధను ఎదురుగా పెట్టుకుని, కాస్త దూరం నుంచి చూస్తుంటాడు. పల్లవి చేసే పని ఇంకా తమాషా. మాట మారదు, ప్రతి చరణం తర్వాతా అదే తిరిగొస్తుంది. ఈలోగా కథ కదిలింది కాబట్టి అర్థం మాత్రం మారుతుంది. మొదటిసారి నిందలా వినిపించిన పల్లవి మూడోసారికి ప్రశ్నలా వినిపించడం నేను ఎంతోమంది పాటల్లో చూశాను.

అందుకే రెండో చరణం రాసేదాకా నేను ఎవరినీ వదలను (దీనికి నన్ను తిట్టుకునేవాళ్ళూ ఉన్నారు). ఒకే బాధను అదే పనిగా నెమరేసుకోవడం డిప్రెషన్‌ను పొడిగిస్తుందని మనస్తత్వవేత్త సుసాన్ నోలెన్-హోక్సెమా పరిశోధనలు చూపించాయి. కథ ముందుకు కదలని పాట సరిగ్గా ఆ నెమరే. ఎక్కడైనా ఆగిపోతే "నేను" తీసేసి "ఆమె" అని రాయమంటాను. చాలాసార్లు కథ అక్కడి నుంచి కదులుతుంది.

అపోహ: బాధలు పడనివాడు మంచి పాట రాయలేడు.

వాస్తవం: ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మందులు వేసుకుంటే పాట రాదేమోనని మానేసినవాళ్ళను చూశాను. తీవ్రమైన డిప్రెషన్‌లో నిద్ర, ఏకాగ్రత, ఆసక్తి దెబ్బతింటాయి. పాట పూర్తి చేయడానికి కావాల్సినవీ అవే కదా!

బ్రిటిష్ సంగీతకారుడు రాబర్ట్ వ్యాట్ సంగతి చూడండి. డ్రమ్మర్‌గా పేరు తెచ్చుకున్న ఈయన 1973లో కిటికీలోంచి కింద పడ్డారు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. 1974లో వచ్చిన ఆయన ఆల్బమ్ విని, ఇదంతా ఆ ప్రమాదం మీద కట్టిందే అనుకునేవాళ్ళు ఎక్కువ. నిజానికి అందులో చాలా భాగం ప్రమాదానికి ముందే సిద్ధమైంది. కాళ్ళతో డ్రమ్స్ వాయించే వీలు పోయాక ఆయన గాత్రం మీద, కీబోర్డు మీద దృష్టి పెట్టారు. నాకు ఇందులో గొప్పగా అనిపించేది ఆ మళ్ళింపే.

అపోహ: గొంతు బాగోదు, సంగీతం రాదు, కాబట్టి నాకు కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. అమెరికాలో 'సాంగ్‌రైటింగ్ విత్ సోల్జర్స్' అనే సంస్థ ఉంది. అక్కడ మాజీ సైనికులు తమ కథ చెబుతుంటే, అనుభవమున్న రచయితలు వాళ్ళతో కలిసి పాట కడతారు. అలా పుట్టిన పాటలతో గాయని మేరీ గోషే చేసిన 2018 నాటి ఆల్బమ్ గ్రామీ నామినేషన్ దాకా వెళ్ళింది.

అపోహ: పాట ఉంటే డాక్టరు అక్కర్లేదు.

వాస్తవం: అమెరికన్ గాయని మెలొడీ గార్డో 2003లో సైకిల్ మీద వెళ్తుండగా కారు ఢీకొని తీవ్రంగా గాయపడ్డారు. మంచంలో పడుకునే గిటార్ నేర్చుకుని పాటలు రాయడం మొదలుపెట్టారు. కానీ ఆ సంగీతం దిశగా ప్రోత్సహించింది ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టరే. మ్యూజిక్ థెరపీ, అంటే సంగీతంతో చేసే చికిత్స, శిక్షణ పొందినవాళ్ళు చేసే వేరే వృత్తి, నేను చేసేది అది కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన చరణాల్లోకి వస్తున్నా, పాట సంగతి తర్వాత, ముందు డాక్టరు.

అపోహ: నిజాయతీగా రాసిన పాటను ఎప్పటికీ పాడుతూనే ఉండాలి.

వాస్తవం: 1991లో నాలుగేళ్ళ కొడుకును పోగొట్టుకున్న బ్రిటిష్ గాయకుడు, గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఆ దుఃఖంలోంచి వచ్చిన పాటను 2004లో పాడటం మానేశారు. ఆ పాట పాడటానికి కావాల్సిన వెలితి ఇప్పుడు తనలో లేదన్నారు. తర్వాతెప్పుడో మళ్ళీ పాడారు. రెండూ ఆయన ఇష్టమే. కొత్త గాయం మీది పాటైతే, గొంతు పూడుకుపోకుండా చివరిదాకా పాడగలిగేవరకు వేదిక ఎక్కించవద్దు. అందులో ఇంకొకరి గుట్టు ఉంటే బయటికి వదిలే ముందు వాళ్ళను అడగండి. వద్దంటే పేరు, ఊరు, చుట్టరికం మార్చేయండి. బాణీకి వచ్చే నష్టమేమీ లేదు.