పాకాల గుట్టలు ఒకప్పటి సముద్ర తీరం

వరంగల్ చుట్టుపక్కల గుట్టలన్నీ ఒక తీరువి కావు. కోటలోని ఏకశిల గ్రానైట్. భూమి లోపల కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడిన రాయి అది. నర్సంపేట దాటి పాకాల వైపు పోతే రాయి మారుతుంది. గుండ్రటి బండలు తగ్గి, పొరలు పొరలుగా ఉన్న పొడవాటి గుట్టల వరుసలు మొదలవుతాయి. ఇవి నీళ్ల అడుగున పుట్టినవి.

సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పటి గోదావరి లోయ పొడవునా నేల సాగి కుంగింది. ఆ పల్లంలోకి సముద్రం వచ్చింది. ఒడ్డున ఇసుక, లోపల మెత్తటి బురద, లోతు తక్కువ ఉన్నచోట సున్నం పేరుకున్నాయి. ఇసుక క్వార్ట్‌జైట్‌గా, బురద షేల్‌గా, సున్నం డోలమైట్‌గా మారాయి. 19వ శతాబ్దంలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఈ శిలలకు పాకాల పేరే ఖాయం చేశాడు. వాటిలోని వర్గాలకు తర్వాత మల్లంపల్లి, ములుగు అనే పేర్లు వచ్చాయి. మన ఊళ్ల పేర్లు భూవిజ్ఞాన గ్రంథాల్లో ఉన్నాయన్న సంగతి ఇక్కడి పిల్లల్లో ఎంతమందికి చెప్తున్నాం?

ఆ సముద్రంలో చేప లేదు, గవ్వ లేదు. జంతువులు పుట్టడానికి ఇంకా దాదాపు 100 కోట్ల ఏళ్లు ఉంది. ఉన్నదల్లా సూక్ష్మజీవులే. వాటిలో సయనోబాక్టీరియా అనేవి ఎండ తగిలే లోతులో జిగురు చాపలా పరుచుకునేవి. నీళ్లలో తేలివచ్చే సన్నటి సున్నపు రేణువులు ఆ జిగురుకు అంటుకునేవి. వెలుతురు కోసం జీవులు మళ్లీ పైకి పాకేవి. ఇలా పొర మీద పొర చేరి రాయిగా మిగిలిన వాటినే స్ట్రొమటోలైట్లు అంటారు. పాకాల శిలల్లో అవి ఉన్నాయి. మనం పీల్చే ఆక్సిజన్‌ను మొదట గాలిలో నింపింది ఇలాంటి జీవులే. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇప్పటికీ స్ట్రొమటోలైట్లు పెరుగుతున్నాయి.

సముద్రం పోయి కోట్ల ఏళ్లు గడిచాక ఇదే లోయలో సింగరేణి బొగ్గు పేరుకుంది. అది వేరే కథ.

గుట్టలు ఇంకా నిలబడి ఉండటానికి కారణం క్వార్ట్‌జైటే. వానకు, ఎండకు షేల్ తొందరగా అరిగి పల్లమవుతుంది, క్వార్ట్‌జైట్ అరగదు. అందుకే గట్టి వరుసల మధ్య లోయలు, వాటిని కోసుకుంటూ పోయే వాగులు ఏర్పడతాయి. కాకతీయులకు కావలసింది సరిగ్గా ఇలాంటి చోటే. రెండు గుట్టల మధ్య సందుకు కట్ట వేస్తే చాలు, మిగతా గోడంతా గుట్టలదే. గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దం మొదట్లో, పాకాల చెరువు అలాగే తయారైంది. ఆ ఇంజనీర్లకు శిలల వయసు తెలియకపోవచ్చు గానీ నేల వాలు, రాయి గట్టిదనం మాత్రం బాగా తెలుసని నా నమ్మకం.

పాకాల పోయినవాళ్లు నీళ్లతో పాటు వాగుల్లో బయటపడిన పలకలనూ చూడాలి. ఎండ ఏటవాలుగా పడే పొద్దున గానీ సాయంత్రం గానీ పోతే పొరలు బాగా కనిపిస్తాయి. ఇది అభయారణ్యం కాబట్టి రాయిని పగలగొట్టకుండా, ఫొటో తీసుకుని రావాలి.