కుంగుబాటు రక్తంలోనే ఉంటుందా?

ప్రకాశం జిల్లాలో టంగుటూరు వైపు ఒక పొగాకు రైతు ఇంట్లో, ముప్పై ఏళ్ళ కొడుకు నెలల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, మనుషులను తప్పించుకుని తిరుగుతుంటే, వాళ్ళ నాయనమ్మ నాతో, "వాళ్ళ నాయన పోలికేనయ్యా, రక్తంలోనే ఉంటే మనమేం చేస్తాం" అన్నారు. ఆ మాటలో నిజం కొంత ఉంది. అది ఎంతో తెలియకపోవడం వల్లనే ఎన్నో ఇళ్ళలో వైద్యం ఆలస్యమవుతోందని నా బాధ.

జన్యువులన్నీ దాదాపు ఒకటే అయిన కవలలనూ, సగం మాత్రమే పంచుకునే కవలలనూ పోల్చిన పరిశోధనలను 2000లో క్రోడీకరించినప్పుడు, కుంగుబాటు (డిప్రెషన్) విషయంలో మనుషుల మధ్య ఉండే తేడాల్లో సుమారు 37 శాతం జన్యువుల వల్లనని తేలింది. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్క; ఒక మనిషి జబ్బులో ఇంత వాటా తండ్రిదని దీనికి అర్థం కాదు.

జన్యువులు పని చేసేది మెదడు ద్వారా. కణతల లోపలి వైపు బాదం గింజంత అమిగ్డలా ఉంటుంది. భయం, ముప్పు ఎదురైతే అది ముందుగా స్పందిస్తుంది. నుదుటి వెనుక ఉన్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఆ స్పందనను అదుపు చేస్తుంది. ఈ రెండింటి సంబంధం పొగాకును వేడితో ఆరబెట్టే మన బ్యారన్ దగ్గర తెలుస్తుంది; అక్కడి మంట అమిగ్డలా అయితే, దాన్ని సర్దే రైతు ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఆకు పసుపు తిరగకముందే వేడి పెరిగితే పచ్చగానే ఎండిపోతుంది కనుక, రైతు రాత్రంతా మేలుకుని థర్మామీటర్ చూస్తూ, కట్టె తగ్గిస్తూ, గాలి కంతలు తెరుస్తూ మూస్తూ ఉంటాడు. కుంగుబాటు ఉన్నవారిలో చాలామందికి బాధ కలిగించే మాటకు అమిగ్డలాలో రగిలిన స్పందన త్వరగా చల్లారదని, దాన్ని సర్దే భాగాలతో దాని సమన్వయం సడలుతుందని మెదడు స్కానింగ్ పరిశోధనలు చెబుతున్నాయి.

ఇందుకు కారణమైన జన్యువు దొరికిందని ఒకప్పుడు అందరూ ఎంతో ఆశపడ్డారు. మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనమైన సెరోటోనిన్‌ను తిరిగి కణంలోకి చేర్చే ప్రోటీన్ తాలూకు జన్యువులో పొట్టి రూపం ఉన్నవారి అమిగ్డలా, భయపడిన ముఖాల చిత్రాలకు ఎక్కువగా స్పందించిందని 2002లో 28 మందిపై జరిగిన పరిశోధన తెలిపింది. మరుసటి ఏడాది న్యూజిలాండ్‌లో 847 మందిని పరిశీలించి, కష్టాలు మీదపడినప్పుడు ఆ రూపం ఉన్నవారే ఎక్కువగా కుంగిపోయారని ప్రకటించారు. కాని 2019లో లక్షలాది మంది సమాచారంతో, అలా పేరుపడిన 18 జన్యువులను పరీక్షిస్తే ఆ వాదన నిలవలేదు. అదే ఏడాది ఎనిమిది లక్షల మందికి పైగా జన్యు సమాచారాన్ని గాలించిన మరో పరిశోధనలో కుంగుబాటుతో ముడిపడిన 102 జన్యు తేడాలు బయటపడ్డాయి. ఒక్కొక్కదాని ప్రభావం అతి స్వల్పం. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది ఇలాంటి చిన్న మొగ్గుల కలగాపులగమే గాని జబ్బు కాదు. తల్లి వైపు నుంచి వచ్చినవీ, బతుకులో పడిన దెబ్బలూ, దొరికిన ఆసరా కూడా అందులో కలుస్తాయి. పెళ్ళి సంబంధాల వేళ "వాళ్ళింట్లో అది ఉందట" అని వెనక్కి తగ్గేవారు ఈ సంగతి తెలుసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఆ అబ్బాయిని చివరకు ఒంగోలులో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆ వైద్యుడు అబ్బాయి తండ్రి గురించి ఒకే ప్రశ్న అడిగి, నిద్ర గురించి, అప్పు గురించి, ఆ ఏడాది వేలంలో పలికిన ధర గురించి, ఇంట్లో ఎవరితో మనసు విప్పుతాడన్న దాని గురించి గంటసేపు అడిగారు.