యుద్ధంలో వీరులు చేసిన పనులు: అపోహలు - వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ళలో భారతం జరిగేటప్పుడు మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం ఉంటాయి. ఆ హరికథ చెప్పేది మేమే. కథ ముగిశాక జనం ఆపి అడిగేవి ఎక్కువగా యుద్ధ పర్వాల సంగతులే.

అపోహ: ఆ కాలపు వీరులను ఈ కాలపు నీతితో కొలవకూడదు.

వాస్తవం: కొలత ఆ కథలోనే ఉంది. యుద్ధం మొదలుకాక ముందే ఇరుపక్షాలూ నియమాలు పెట్టుకున్నాయని భీష్మ పర్వం చెబుతుంది. రథికుడితో రథికుడే తలపడాలి. ఆయుధం లేనివాణ్ణి, వెన్ను చూపినవాణ్ణి, సారథిని, శంఖం ఊదేవాణ్ణి కొట్టకూడదు. "ఆ రోజుల్లో అంతేలే" అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

అపోహ: నేటి చట్టం ముందు పురాణ నీతి మెతక.

వాస్తవం: ద్రోణ వధ చూడండి. అశ్వత్థామ చనిపోయాడని ధర్మరాజు చెప్పిన అబద్ధాన్ని నేటి యుద్ధ చట్టం దాదాపుగా పట్టించుకోదు. శత్రువును ఏమార్చే ఎత్తులు వేయవచ్చని 1907 నాటి హేగ్ నియమాల 24వ అధికరణమే అంటుంది. భారతం మాత్రం ఒప్పుకోలేదు. నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే ఆయన రథం ఆ మాటతో నేలకు దిగింది. స్వర్గారోహణ పర్వంలో నరకం చూడాల్సి వచ్చిందీ ఆ మోసానికే. ఇక అస్త్రం వదిలేసి యోగంలో కూర్చున్న గురువు తల నరికినవాడు ధృష్టద్యుమ్నుడు. చంపొద్దు, ప్రాణాలతో తీసుకురా అని అర్జునుడు అరుస్తూనే ఉన్నాడు. ఆయుధం వదిలినవాడి ప్రాణం తీయకూడదని 1949 జెనీవా ఒప్పందాలు చెప్పేదీ ఇదే. ఈ ఒక్క ఘట్టం చెప్పడానికి ఒక పూట సరిపోదు నాకు.

అపోహ: భీముడి గద దెబ్బను అందరూ మెచ్చారు.

వాస్తవం: చివరి రోజు పొద్దున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర ఆ వధ ఆడుతుంటే జనం ఈలలు వేస్తారు. నిండుసభలో ద్రౌపదికి తొడ చూపించినవాడి మీద ఆ కోపం న్యాయమే. కానీ గదాయుద్ధంలో నాభి కింద కొట్టకూడదు. అందుకే బలరాముడు నాగలి ఎత్తి భీముడి మీదికి వచ్చాడు. పడి ఉన్న దుర్యోధనుడు పాండవుల మోసాలన్నీ ఏకరువు పెడితే ఆకాశం నుంచి పూలు రాలాయి. తర్వాత గాంధారి నిలదీస్తే భీముడే అన్నాడు: ధర్మమో అధర్మమో, భయంతో నన్ను నేను కాపాడుకోవడానికి చేశాను, మన్నించు అని. వధకు ముందు రోజు కథలో బలరాముడి కోపం తగ్గించి చెప్పమని అడిగేవాళ్ళున్నారు. నేను తగ్గించను. అది తీసేస్తే భీముడి ఆ జవాబుకు అర్థమే ఉండదు.

అపోహ: కర్ణుడు నిర్దోషి. అన్యాయమంతా ఆయనకే జరిగింది.

వాస్తవం: కుర్రవాళ్ళు బాగా ఇష్టపడే మాట ఇది. రథచక్రం కూరుకుపోయినప్పుడు కర్ణుడు ధర్మం గుర్తుచేస్తే, అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపినప్పుడు ఆ ధర్మం ఎక్కడికి పోయిందని కృష్ణుడు అడిగాడు. ద్రోణుడి సలహాతో అభిమన్యుడి విల్లు విరగగొట్టింది కర్ణుడే. ఎదుటివాడు తప్పాడని మనం తప్పొచ్చా అన్నది వేరే ప్రశ్న, దాని గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఆ వాదనకు కూర్చునే ముందు ద్రోణ పర్వంలో అభిమన్యు వధ పూర్తిగా చదివి రండి.