వేలెడంత బిడ్డ, ఆ కొద్ది వారాలు

ప్లాస్టిక్ సంగతి ఎత్తగానే "ఆ కాస్తా ఒంట్లోకి పోతే ఏమవుతుందిలే" అంటారు చాలామంది. కానీ ప్లాస్టిక్‌లోని కొన్ని రసాయనాలు మన హార్మోన్ల పనిలో వేలుపెడతాయి. హార్మోన్ల దగ్గర ఆ లెక్క కుదరదు, ఎందుకంటే అవి పనిచేసేదే అతి తక్కువ మోతాదులో. పైగా గర్భంలో ఉన్న బిడ్డకైతే ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నదే ముఖ్యం.

మగబిడ్డనే తీసుకోండి. సుమారు 8 నుంచి 14 వారాల మధ్య, ఇంకా వేలెడంత ఉండగానే, ఆ బిడ్డ వృషణాలు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తయారుచేస్తాయి, జననాంగాల రూపం దాని మీదే ఆధారపడి ఉంటుంది. ప్లాస్టిక్‌ని మెత్తగా, వంగేలా చేసే థాలేట్లలో కొన్ని సరిగ్గా ఈ తయారీనే తగ్గిస్తాయని ఎలుకల్లో స్పష్టంగా తేలింది. మనుషుల్లోనూ, తల్లి మూత్రంలో థాలేట్ల ఆనవాళ్లు ఎక్కువున్న చోట మగపిల్లల్లో మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం తక్కువగా ఉందని 2005లో అమెరికా పరిశోధకురాలు షానా స్వాన్ బృందం చూపించింది. ఆ దూరం తగ్గిందంటే టెస్టోస్టిరాన్ చాలలేదని గుర్తు. అమెరికాలో 16 అధ్యయనాల్లోని 6 వేల మందికి పైగా గర్భిణుల వివరాలు కలిపి చూసినప్పుడు, నెలలు నిండకుండా కాన్పు అవడానికీ థాలేట్లకీ సంబంధం కనిపించింది. సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణమని తేలినట్టు కాదు, నిజమే. కానీ గర్భిణుల మీద ప్రయోగాలు చేసి తేల్చుకోలేం కదా!

ఇక బిస్ఫినాల్ ఏ, అంటే బీపీఏ. ఇది ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌లా నటిస్తుందని 1936లోనే తెలుసు. తెలిసి కూడా తర్వాత దాంతోనే గట్టి ప్లాస్టిక్ సీసాలు, ఆహారపు డబ్బాల లోపలి పూతలు చేశారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

1998లో అమెరికా జన్యుశాస్త్రవేత్త ప్యాట్రీషియా హంట్ ల్యాబ్‌లో ఉన్నట్టుండి ఆడ ఎలుకల అండాలు పాడవడం మొదలైంది. క్రోమోజోములు సరిగ్గా సర్దుకోని అండాలు మామూలుగా నూటికి ఒకటో రెండో ఉండేవి, అవి 40కి చేరాయి. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ప్లాస్టిక్ బోన్లనీ నీళ్ల సీసాలనీ ఎవరో పొరపాటున ఘాటైన సబ్బుతో కడిగారు, ఆ ప్లాస్టిక్ దెబ్బతిని బీపీఏ కారింది. తర్వాత అదే బృందం కడుపుతో ఉన్న ఎలుకలకి కొద్దిగా బీపీఏ ఇచ్చి చూస్తే, కడుపులోని ఆడపిల్లల్లో అప్పుడే రూపుదిద్దుకుంటున్న అండాలు దెబ్బతిన్నాయి. మనుషుల్లోనూ ఆడబిడ్డ అండాలు తల్లి కడుపులో ఉండగానే తయారవుతాయి, 20 వారాలకి 60, 70 లక్షలు ఉంటాయి. అంటే తల్లి ఒంట్లోకి చేరినది బిడ్డనే కాదు, మనవల్ని కూడా తాకే అవకాశం ఉంది.

"బీపీఏ లేదు" అని రాసుంటే నిశ్చింత అనుకోకండి. దాని బదులు వాడుతున్న బిస్ఫినాల్ ఎస్ (బీపీఎస్‌) కూడా హార్మోన్ల మీద దాదాపు అలాగే పనిచేస్తోంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ అయితే 2023లో బీపీఏ రోజువారీ సురక్షిత పరిమితిని ఏకంగా 20 వేల రెట్లు తగ్గించింది.

టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. ఇవి ఒంట్లో ఏళ్ల తరబడి పేరుకుపోయే రకం కాదు, చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతాయి, మనం మళ్లీ మళ్లీ లోపలికి పంపుతున్నాం కాబట్టే ఎప్పుడూ కనిపిస్తుంటాయి. ఒక అధ్యయనంలో 5 కుటుంబాలు ప్లాస్టిక్‌కీ డబ్బాలకీ తగలని తాజా వంట మూడు రోజులు తింటే, వాళ్ల మూత్రంలో బీపీఏ సగటున మూడింట రెండు వంతులు తగ్గింది.