ఊరికో కొటేషన్, ఊరికో ధర: కలిసి కొనే పద్ధతి ఎలా వచ్చింది, పంచాయతీల దాకా ఎందుకు రాలేదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానలు పడే ముందు ప్రతి పంచాయతీ బ్లీచింగ్ పౌడరు కొంటుంది. పక్కపక్క ఊళ్లే, సరుకూ ఒకటే. అయినా కొటేషన్లు వేరు, బిల్లులు వేరు, ధరలు వేరు. ఎనిమిది బస్తాలు అడిగే ఊరికి టోకు ధర ఎవరూ ఇవ్వరు. 25 పంచాయతీలున్న మండలం ఒక్కసారి ఇండెంటు (కావలసిన సరుకు జాబితా) పెడితే 25 కిలోల బస్తాలు 200, అంటే 5 టన్నులు. రెండు మండలాలు కలిస్తే పది టన్నుల లారీ నిండుతుంది. ఆ పరిమాణానికి తయారీదారే నేరుగా టెండరు వేస్తాడు. చీపుర్లు, ఫినాయిల్, వీధిదీపాలు, మోటారు విడిభాగాలకూ ఇదే లెక్క.

ప్రభుత్వ శాఖలు కలిసి కొనడం మన దేశంలో పాత పద్ధతే. బ్రిటిష్ పాలనలో సర్కారుకు కావలసిన సామగ్రిలో చాలా భాగం లండన్‌లోని స్టోర్స్ విభాగం కొని ఓడల్లో పంపేది. 1922లో ఇక్కడే ఇండియన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్ ఏర్పడింది. 1951 నుంచి ఆ పని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ సప్లైస్ అండ్ డిస్పోజల్స్ చేతికి వచ్చింది. దాని ముఖ్యమైన సాధనం రేట్ కాంట్రాక్టు. ఒక వస్తువుకు ఏడాదికో రెండేళ్లకో ధర ఖరారు చేస్తారు, ఏ శాఖైనా ఆ ధరకు ఆర్డరు పెట్టుకోవచ్చు. మళ్లీ టెండరు అక్కర్లేదు, ఆడిట్‌కు జవాబు సిద్ధంగా ఉంటుంది.

లోపం కూడా అందులోనే ఉంది. రేట్ కాంట్రాక్టులో ధర ఉంటుంది గానీ ఎంత కొంటామన్న హామీ ఉండదు. వెయ్యి కొంటారో పది కొంటారో తెలియని సరఫరాదారు పది కొంటారనుకునే ధర వేస్తాడు. బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియకపోతే దాని వడ్డీ కూడా ధరలో కలుపుతాడు. బజారులో ధర పడిపోయినా కాంట్రాక్టు ధర వెంటనే దిగేది కాదు. 2016 ఆగస్టు 9న ప్రభుత్వ శాఖలు ఆన్‌లైన్‌లో కొనుక్కునే ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్, అందరూ 'జెమ్' అనేది, మొదలైంది. 2017 అక్టోబరు 31తో పాత డైరెక్టరేట్ జనరల్‌ను మూసేశారు.

పరిమాణం చూపించి కొంటే ఏమవుతుందో మందుల విషయంలో తమిళనాడు ముందుగా చూపింది. 1994లో నమోదై 1995 జనవరిలో పని మొదలుపెట్టిన అక్కడి మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్, ఆసుపత్రుల అవసరమంతా ఒకచోట లెక్కగట్టి, బ్రాండు పేరు లేకుండా మందు పేరుతోనే టెండరు పిలిచింది. సరుకు జిల్లా గోదాములకు చేరాలి, అక్కడ నమూనా తీసి పరీక్షకు పంపాలి. ప్రతి ఆసుపత్రికీ తన వాటా ఎంతో చూపే పాస్‌బుక్ ఇచ్చారు. మన రాష్ట్రంలో వైద్య సేవలు, మౌలిక వసతుల సంస్థ ఏపీఎంఎస్ఐడీసీ కూడా మందులు కేంద్రీకృతంగా కొని జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోర్లకు పంపుతుంది, పీహెచ్‌సీలు అక్కడి నుంచి తెచ్చుకుంటాయి.

మన జిల్లావాసులకు బాగా గుర్తుండే ఉదాహరణ ఎల్ఈడీ బల్బు. ఇంట్లో పాత బల్బులు తీసుకుని ఎల్ఈడీలు ఇచ్చే పథకం ఆంధ్రప్రదేశ్‌లో మొదట వచ్చిన జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. విద్యుత్ పొదుపు పథకాలు నడిపే ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ దేశం మొత్తానికి కలిపి బల్బులు కొన్నది. 2014 మొదట్లో దానికి పడిన ధర బల్బుకు రూ.310. ఒక్కో టెండరుకూ దిగుతూ 2016 నాటికి రూ.38కి వచ్చింది. ఈ తగ్గుదల మొత్తాన్ని కలిసి కొనడానికే జమకట్టడం సరికాదు, అదే కాలంలో ప్రపంచమంతటా ఎల్ఈడీ చిప్ ధరలూ పడ్డాయి. అయితే కోట్ల సంఖ్యలో ఆర్డరు, అందరికీ ఒకే స్పెసిఫికేషన్, ఏటా ఒకటికి మించి టెండర్లు ఉండడంతో చిప్ ధర తగ్గిన కొద్దీ ఆ లాభం కొనేవాడికి చేరింది. పాత రేట్ కాంట్రాక్టు అయితే మొదటి ధరకే కట్టుబడి కూర్చునేది.

మరి పంచాయతీల దాకా ఇది ఎందుకు రాలేదు? డబ్బు వచ్చిన దారి చూస్తే తెలుస్తుంది. 1994 పంచాయతీరాజ్ చట్టం తర్వాత పంచాయతీలకు అధికారాలు పెరిగాయి. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి ఐదేళ్లు తన గ్రాంటును గ్రామ పంచాయతీలకే ఇచ్చింది, మండల, జిల్లా పరిషత్‌లకు వాటా లేదు. ఇది స్థానిక పాలనకు మేలు చేసిన నిర్ణయమే. కానీ కొనుగోళ్లను కలపగల రెండు అంచెలూ ఆ లెక్కలోంచి తప్పుకున్నాయి. 15వ ఆర్థిక సంఘం ఆ రెండింటికీ మళ్లీ వాటా ఇచ్చి, 2021-22 నుంచి 2025-26 దాకా గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టుబడేలా చేసింది. బ్లీచింగ్ పౌడరు ఆ 60 శాతం కిందిదే. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి, రాజాం విజయనగరంలోకి, పాలకొండ మన్యంలోకి వెళ్లినా, జిల్లా పరిషత్‌లు ఉమ్మడి జిల్లాల పరిధిలోనే కొనసాగాయి. కొనుగోళ్లు కలపడానికి ఆ పరిధి అనుకూలమైనదే.

పంచాయతీ నిధులు జిల్లా ఖాతాలోకి మళ్లించనవసరం లేదు. టెండరు మాత్రం ఒకచోట జరగాలి. పంచాయతీ తీర్మానం చేసి తన పరిమాణం రాసిస్తుంది, జిల్లా స్థాయి కొనుగోలు కమిటీ ధర ఖరారు చేస్తుంది, ఆర్డరు, చెల్లింపు మళ్లీ పంచాయతీవే. పరిమాణం బడ్జెట్ చూసి రాయకూడదు. స్టాకు రిజిస్టరులో గత మూడేళ్ల వాడకం చూసి రాయాలి. రాసినదాంట్లో కనీసం ముప్పాతిక వంతు కొని తీరతామన్న షరతు టెండరులో ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే మళ్లీ పాత రేట్ కాంట్రాక్టే.

స్పెసిఫికేషన్, అంటే సరుకు ఎలా ఉండాలో రాసే దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి. మంచి బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ సుమారు 33 శాతం. వెయ్యి లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాములు కావాలి, 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. ఇప్పుడు రెండు కొటేషన్లు వచ్చాయనుకుందాం: 33 శాతం సరుకు కిలో రూ.30, 20 శాతం సరుకు కిలో రూ.26. 'బ్లీచింగ్ పౌడరు' అని మాత్రమే రాసిన టెండరులో రెండోదే ఎల్‌1, అంటే అతి తక్కువ ధర. అందులోని క్లోరిన్ లెక్కన చూస్తే మొదటిది కిలో క్లోరిన్‌కు రూ.91, రెండోది రూ.130. పైగా బలం తక్కువని తెలియని సిబ్బంది అదే 100 గ్రాములు వేస్తే కుళాయి చివర ఉండాల్సిన లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలకపోవచ్చు. కాబట్టి అప్పగించే రోజున క్లోరిన్ శాతం ఇంత ఉండాలని రాయాలి, ప్రతి లాటులో కొన్ని బస్తాల నుంచి నమూనా తీసి, గాలి చొరబడని ముదురు రంగు సీసాలో ల్యాబుకు పంపాలి. తయారైన రోజు సరిగ్గా ఉండి గోదాములో చచ్చిపోయిన సరుకు మన తీరంలో మామూలే. వేడికీ తేమకూ పౌడరు బలం పోతుంది. అందుకే ఏడాది సరుకుకు ఒకే టెండరు వేసినా, తెప్పించేది మూడు నెలలకోసారి కావాలి.

రవాణా మరో చిక్కు. శ్రీకాకుళంలో దింపే ధరకు టెండరు పిలిచి ఇచ్ఛాపురం, కంచిలి పంచాయతీలను వచ్చి పట్టుకెళ్లమంటే మిగిలిందంతా ఆటో కిరాయికి పోతుంది. మండల కేంద్రానికి చేర్చే ధరే అడగాలి. జిల్లాను రెండు మూడు భాగాలుగా విడగొట్టి వేర్వేరు లాట్లు పిలిస్తే పలాస, బొబ్బిలి వ్యాపారులకూ పోటీపడే వీలుంటుంది. అంతా ఒక్కడికే కట్టబెడితే వచ్చే ఏడాది పోటీకి ఎవరూ మిగలరు.

చెల్లింపు దగ్గర ఉమ్మడి బిల్లు పెట్టకూడదు. ఒక కార్యదర్శి రసీదు మీద సంతకం చేయకపోతే నూరు పంచాయతీల బిల్లు ఆగుతుంది. ఎవరి రసీదుకు వారి బిల్లు ఉండాలి. జెమ్‌లో సరుకు అందిన పది రోజుల్లో అంగీకార పత్రం ఇవ్వాలన్న నిబంధన ఉంది, జెమ్ బయట చేసే టెండరులోనూ అలాంటి గడువు పెట్టుకోవచ్చు.

పరిమాణం హామీ ఇవ్వలేని సందర్భం ఒకటుంది, తుఫాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్, సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. జనరేటర్ అద్దె, టార్పాలిన్లు, నీటి ట్యాంకర్లు, చెట్లు కోసే రంపాలు ఎన్ని కావాలో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇక్కడ మాత్రం పాత రేట్ కాంట్రాక్టే సరైన సాధనం. గాలి వీచిన మర్నాడు కరెంటు లేని ఊళ్లో జనరేటర్ రోజు అద్దె బేరమాడే పరిస్థితి రాకూడదంటే ఆగస్టు ఆఖరుకల్లా ధరలు, వాహనాల సంఖ్య, ఎన్ని గంటల్లో చేరాలన్నది ఖరారు కావాలి. ఆ పత్రం నకలు ప్రతి ఎంపీడీవో కార్యాలయంలో కాగితం మీద ఉండాలి, ఎందుకంటే ఆ రోజు నెట్‌వర్క్ ఉండదు.