స్మారక శిల్పాలు: అపోహలు - వాస్తవాలు

స్మారక విగ్రహం చేయించుకోవడానికి వచ్చేవాళ్లు ముందు ‘పోలిక వస్తుందా’ అని అడుగుతారు, ఆ వెంటనే ‘ఎన్ని అడుగులు’ అని. ఈ రంగంలోని అపోహల్లో సగం ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. వాటిని విప్పి చూడటానికి జర్మన్ కళాకారిణి కేథె కోల్విట్స్ (1867-1945) పని బాగా పనికొస్తుంది. ఆవిడకు ఎక్కువ పేరు తెచ్చింది అచ్చుచిత్రాలు. శిల్పాలు చేసింది తక్కువే. ఆ తక్కువలోనే ఆశ, ఓటమి, జ్ఞాపకం మూడూ ఉన్నాయి.

అపోహ: దుఃఖం ముఖంలో కనిపించాలి

కోల్విట్స్ చిన్న కొడుకు పీటర్ 18 ఏళ్ల వయసులో సైన్యంలో చేరాడు. మైనరు కాబట్టి తండ్రి అనుమతి కావాలి. తండ్రి వద్దన్నా, తల్లే ఒప్పించింది. 1914 అక్టోబరులో పీటర్ బెల్జియంలో చనిపోయాడు. అతని కోసం ఆవిడ చేసిన తల్లిదండ్రుల జంట శిల్పం ఇప్పుడు బెల్జియంలోని ‘వ్లాడ్స్‌లో’ అనే ఊరి సైనిక శ్మశానంలో ఉంది. ముఖాల్లో కేథె, ఆమె భర్త కార్ల్ పోలికలు ఉన్నాయి. కానీ దూరం నుంచి చూసేవాడికి ముందు అందేది ముఖం కాదు. తండ్రి మోకాళ్ల మీద నిటారుగా ఉండి, రెండు చేతులతో తన ఒంటిని తానే బిగించి పట్టుకున్నాడు. తల్లి ముందుకు ఒరిగి తల దించేసింది. ఇద్దరివీ వేర్వేరు దిమ్మలు, మధ్యలో ఖాళీ. ఏడుపు ఎక్కడా చెక్కలేదు.

ఆరుబయట శిల్పానికి ఇది అక్షరాలా పనిసూత్రం. మనిషి తల ఎత్తు 22-23 సెంటీమీటర్లు. పదిహేను మీటర్ల దూరంలో కనురెప్ప, పెదవి మడత ఏవీ అందవు. మిట్టమధ్యాహ్నం ఎండలో కనుబొమల నీడ కళ్లను మింగేస్తుంది. కాబట్టి 30 సెంటీమీటర్ల చిన్న నమూనా దగ్గరే పరీక్ష పెట్టాలి. వెనుక దీపం పెట్టి బొమ్మను నల్లటి నీడలా మార్చి, నాలుగు వైపులా తిప్పి చూడండి. నీడలో అర్థం కాని భంగిమ, ముఖానికి ఎంత పని చేసినా అర్థం కాదు. వీపు చూడటం చాలామంది మర్చిపోతారు. కూడలిలో పెట్టిన విగ్రహాన్ని ఊళ్లో సగం మంది రోజూ చూసేది వీపు వైపు నుంచే.

అపోహ: మధ్యలో వదిలేసిన పని వృథా

ఈ స్మారకం గురించి కోల్విట్స్ 1914 చివర్లోనే ఆలోచన మొదలుపెట్టింది. మొదటి ఊహలో కొడుకు శరీరం చాపి పడుకుని ఉంటుంది, తల దగ్గర తండ్రి, కాళ్ల దగ్గర తల్లి. ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, కుదరక 1919లో ఆపేసింది. 1920ల మధ్యలో మళ్లీ అందుకుంది. 1932లో రాతి విగ్రహాలు శ్మశానంలో నిలిచాయి. అప్పటికి కొడుకు బొమ్మ పూర్తిగా తొలగిపోయింది. అతని స్థానంలో అక్కడున్న సమాధులే ఉన్నాయి. 1919లో ఓడిన కూర్పును పట్టుదలకు పోయి పూర్తి చేసి ఉంటే, పడుకున్న శవం ఉన్న చాలా స్మారకాల్లో అదొకటయ్యేదని మా అభిప్రాయం.

ఫ్రెంచ్ శిల్పి రోదెన్ సంగతీ చూడండి. 1891లో ఒప్పుకున్న నవలాకారుడు బాల్జాక్ విగ్రహాన్ని 1898లో చూపిస్తే, చేయించుకున్న రచయితల సంఘం తిరస్కరించింది. కంచులో పారిస్ వీధికి చేరింది 1939లో. శిల్పి పోయి అప్పటికి 22 ఏళ్లు.

అయితే మట్టిని ఏళ్ల తరబడి అలాగే ఉంచుకోలేం. ఇక్కడ లెక్క తెలియాలి. ఆరడుగుల మనిషి ఘనపరిమాణం సుమారు 70 లీటర్లు. తడి మట్టి లీటరు దాదాపు రెండు కిలోలు. బట్టల మడతలు కాకుండానే 130-140 కిలోల మట్టి ఇనుప ఆర్మేచర్ (మట్టిని లోపల మోసే చట్రం) మీద వేలాడుతుంది. అది జారకుండా చిన్న కర్రముక్కలను అడ్డంగా జతకట్టి, తీగతో ఛాతీలో, తొడల్లో వేలాడదీయాలి. ముందుకు ఒరిగే బొమ్మకైతే లోపలి కడ్డీ ఒక్కటే చాలదు. వెనుక నుంచి నడుము దగ్గర దూరే పైపు ఆధారం కావాలి. లేకపోతే మూడో వారానికల్లా తల వంపు మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ వంగుతుంది. తడి గుడ్డ, దాని మీద పాలిథిన్ కప్పకపోతే మట్టి ఆరి కుంచించుకుపోతుంది. లోపలి ఇనుము కుంచించుకోదు. పగుళ్లు వచ్చేది అందుకే.

అందుకే పని ఆపాలనుకున్నప్పుడు ప్లాస్టర్‌లో పోసి పెట్టుకోవడం తెలివైన పని. ఒక్క ప్రతికైతే, పోత అయ్యాక పగలగొట్టే మౌల్డ్ (అచ్చు) చాలు. లీటరు నీళ్లకు కిలోన్నర లోపు ప్లాస్టర్ కలపండి, నీళ్లలోకి ప్లాస్టర్ చల్లాలి గానీ ప్లాస్టర్ మీద నీళ్లు పోయకూడదు. మొదటి పూత అర సెంటీమీటరు లోపు. అందులో కాస్త నీలిమందు కలపాలి. పైన రెండో పూత రెండు మూడు సెంటీమీటర్లు, కొబ్బరి పీచుతో. మట్టి తీసేసి, కడిగి, సబ్బునీళ్లు పట్టించి, లోపల పోత పోసి, గట్టిపడ్డాక మొద్దు ఉలితో మౌల్డ్ కొట్టేస్తారు. నీలం కనిపించిందంటే బొమ్మ చర్మం దగ్గరికొచ్చినట్టే, దెబ్బ తగ్గించాలి. నీలిమందు మానేసినవాడికి ముక్కు ఎగిరిపోవడం ఖాయం.

అపోహ: చిన్న బొమ్మను పెద్దది చేస్తే అదే శిల్పం

కోల్విట్స్ 1937-38లో చేసిన తల్లి-మృత పుత్రుడి బొమ్మ ఎత్తు 38 సెంటీమీటర్లు. 1993లో దాన్ని నాలుగు రెట్లు పెంచి బెర్లిన్‌లోని నోయె వాఖె మందిరంలో దేశ స్మారకంగా పెట్టారు. పెంచినది హరాల్డ్ హాకె అనే శిల్పి. పై కప్పులోని గుండ్రటి తెరుపులోంచి వానా మంచూ నేరుగా బొమ్మ మీదే పడతాయి.

నాలుగు రెట్లంటే ఉపరితలం 16 రెట్లు, ఘనపరిమాణం 64 రెట్లు. ఒళ్లో పెట్టుకునేంత బొమ్మలో బొటనవేలి నొక్కు సహజంగా ఉంటుంది. నాలుగింతలైతే అదే నొక్కు అరచేతి గుంట అవుతుంది. ఇప్పుడు త్రీడీ స్కాన్ తీసి థర్మకోల్‌లో కోయించడం తేలికైంది గానీ, ఆ గుంటల్ని మళ్లీ మట్టితో చేత్తో సరిచేయకపోతే బొమ్మ ఉబ్బినట్టు కనిపిస్తుంది. బెర్లిన్‌లో వచ్చిన గొడవ కొలతల దగ్గరే ఆగలేదు. సొంత కొడుకు కోసం ఏడ్చే తల్లి, అందులోనూ క్రైస్తవ చిత్రాల్లోని మేరీమాతను గుర్తుచేసే భంగిమ, నాజీలు చంపిన యూదులకు ఎలా స్మారకమవుతుందని నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. బొమ్మ మారకపోయినా చోటు మారితే అర్థం మారుతుంది.

అపోహ: ఎత్తైన దిమ్మే గౌరవం

రోదెన్ చేసిన ‘కలే పౌరులు’ ఆరుగురి గుంపు, ఫ్రాన్స్‌లోని కలే ఊరివాళ్లు. ముట్టడిలో ఉన్న ఊరిని కాపాడటానికి మెడకు తాళ్లతో, ప్రాణాలివ్వడానికి సిద్ధపడి నడిచి వెళ్లినవాళ్లు. జనం మధ్యలో, నేల మట్టంలో ఉండాలని రోదెన్ కోరిక. 1895లో దిమ్మ ఎక్కించి చుట్టూ కంచె వేశారు. 1924లో గానీ కిందికి దింపలేదు. మన కూడళ్లలో పన్నెండు అడుగుల దిమ్మ మీద ఆరడుగుల విగ్రహం పెడితే కింద నిలబడ్డవాడికి కనిపించేవి గడ్డం, ముక్కు రంధ్రాలు. ఎత్తు తప్పదంటే తలను, భుజాలను కొంచెం పెంచి, ముఖాన్ని కొద్దిగా కిందికి వంచి మట్టిలోనే సరిచేసుకోవాలి. పోత అయ్యాక చేసేదేమీ లేదు.

అపోహ: కంచు అంటే శాశ్వతం

జర్మన్ శిల్పి ఎర్న్‌స్ట్ బార్లాహ్ 1927లో జర్మనీలోని గ్యుస్ట్రో కేథడ్రల్‌లో యుద్ధమృతుల కోసం వేలాడే కంచు దేవదూతను చేశాడు. ముఖం కోల్విట్స్‌ది, కళ్లు మూసి ఉంటాయి. 1937లో నాజీలు తీసేశారు, తర్వాత కరిగించేశారు. స్నేహితులు గుట్టుగా మరో ప్రతి పోయించి దాచారు. అది ఇప్పుడు కొలోన్ చర్చిలో ఉంది. 1953లో గ్యుస్ట్రోకు మళ్లీ ఒక ప్రతి వచ్చింది. మౌల్డ్‌కు గోదాము అద్దె దండగ అని పారేసేవాళ్లకు ఇది చెబుతూ ఉండాలి. మౌల్డ్ లేక కంచు బొమ్మ మీదే మౌల్డ్ తీస్తే కొత్త ప్రతి ఒకటిన్నర, రెండు శాతం చిన్నదవుతుంది. చల్లారేటప్పుడు లోహం అంత కుంచించుకుంటుంది. రెండు మీటర్ల బొమ్మకు మూడు నాలుగు సెంటీమీటర్లు.

‘బరువుంటేనే అసలు కంచు’ అనే మాటా తప్పే. నిలువెత్తు విగ్రహాన్ని ఘనంగా పోస్తే ఆరు వందల కిలోలు దాటుతుంది. పైగా మందమైన చోట లోహం ఆలస్యంగా చల్లారి, లోపల బొర్రలు, పైన గుంటలు పడతాయి. తమిళనాడులోని స్వామిమలైలో గుడి విగ్రహాలు ఘనంగా పోస్తారు నిజమే, అవి చిన్నవి. పెద్ద విగ్రహానికి 5-6 మిల్లీమీటర్ల గోడ సరైనది. అంచనాకు తేలిక లెక్క: పోతకు ముందు బొమ్మను మైనంలో చేస్తారు కదా, ఆ మైనం కిలోకు తొమ్మిది, పది కిలోల కంచు, లోహం పోసే గొట్టాలకు వేరే. రాగి 85, తగరం, జింకు, సీసం చెరి 5 శాతం ఉండే మిశ్రమం బాగా పారుతుంది.

కంచు విగ్రహం చెడేది ఎక్కువగా లోపలి నుంచే. కోర్‌ను (పోతలో బొమ్మ బోలుగా రావడానికి లోపల పెట్టే మట్టి ముద్దను) పట్టుకోవడానికి గుచ్చిన ఇనుప మేకులు వదిలేస్తే తుప్పుపట్టి ఉబ్బుతాయి, కంచు చీలుతుంది. వాటిని తీసి ఆ రంధ్రాల్లో కంచు బిరడాలు కొట్టాలి. కోర్ మట్టి పూర్తిగా గోకెయ్యాలి, అది చెమ్మ పట్టి ఉంచుతుంది. నిలబెట్టే చట్రం స్టెయిన్‌లెస్ స్టీల్‌ది వాడాలి. అమెరికా స్వేచ్ఛా విగ్రహంలో రాగి తొడుగుకు తగిలి పాడైన ఇనుప పట్టీలను 1980లలో స్టెయిన్‌లెస్‌తో మార్చాల్సి వచ్చింది. పాదాల దగ్గర నీళ్లు పోయే చిన్న రంధ్రం తప్పనిసరి.

అపోహ: ఏకశిల అయితే భయం లేదు

హుస్సేన్ సాగర్ బుద్ధుడిని రాయగిరి దగ్గర ఏకశిలలో చెక్కారు. గణపతి స్థపతి బృందం పని. రాయి మోసం చేయలేదు. 1990 మార్చి 10న తరలించే పడవ ఒరిగి విగ్రహం నీళ్లలో పడింది, మనుషులు చనిపోయారు. రెండేళ్లకు పైగా అడుగున ఉండి, 1992 డిసెంబరు 1న నిలబడింది. గ్రానైటు ఘనమీటరు 2.7 టన్నులు. నీళ్లలో ఆ బరువు మూడో వంతుకు పైగా తగ్గుతుంది, కానీ నీటి మట్టం దాటి పైకి లేచిన క్షణం నుంచి పూర్తి బరువు గొలుసు మీద పడుతుంది. చిన్న రాతి విగ్రహానికైనా రవాణా, ఎత్తే ఖర్చు చెక్కుడు ఖర్చుతో పాటే రాసుకోండి. పలచటి వేళ్లు, చాచిన చేతులు గ్రానైటులో అడగకండి. కోల్విట్స్ బొమ్మల్లో చేతులు ఒంటికి అంటుకుని ఉండటం భావానికీ మంచిదైంది, రాతికీ మంచిదైంది.

అపోహ: ఏటా రంగు వేస్తేనే కళ

కంచు మీద బంగారు రంగు పెయింటు వేస్తే చెమ్మ దాని కింద చిక్కుకుంటుంది, పెచ్చులూడుతుంది, చెక్కిన గీతలు పూడిపోతాయి. పాలాభిషేకం తర్వాత కడగకపోతే పాలలోని ఉప్పు, పులుపు లోహాన్ని తింటాయి. పొడిపొడిగా లేత ఆకుపచ్చ బూజులా రాలుతుంటే అది క్లోరైడు తుప్పు, పైన పాలిష్ చేస్తే ఆగదు, నిపుణుల్ని పిలవాలి. మామూలు సంరక్షణకు ఏడాదికి రెండుసార్లు మంచినీళ్లు, ఆమ్లం, క్షారం లేని మృదువైన డిటర్జెంటు ద్రావణం, మెత్తటి బ్రష్, ఆరాక పలచగా మైనం పూత చాలు. చింతపండు, బ్రాసో వద్దు. పూలదండకు ఇనుప తీగ బదులు నూలు దారం కట్టమని కమిటీవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.