టైమ్ చెప్పని సింక్, అయినా కావాల్సిన సింక్

"మా సర్వర్లలో పీటీపీ ఇప్పటికే నడుస్తోంది, ఆఫ్‌సెట్ నానోసెకన్లలోనే ఉంది, మరి ఈ సింక్రనస్ ఈథర్‌నెట్ ఎందుకండీ?" అని ఒక పాఠకుడు అడిగారు. నెట్‌వర్కింగ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

పీటీపీ (ప్రెసిషన్ టైమ్ ప్రోటోకాల్, నెట్‌వర్క్ మీదుగా గడియారాలు కలిపే పద్ధతి) చాలామందికి తెలుసు, ప్యాకెట్ వెళ్లిన టైమ్, వచ్చిన టైమ్ నెట్‌వర్క్ కార్డు హార్డ్‌వేర్‌లోనే నోట్ చేసి తేడా లెక్కగడతారు. అది "ఇప్పుడు టైమ్ ఎంత" అన్నదానికి జవాబు. సింక్రనస్ ఈథర్‌నెట్, పొట్టిగా సింక్‌ఈ, అసలు టైమే చెప్పదు, సెకను ఎంత పొడుగో మాత్రమే అందిస్తుంది. చీకట్లో ముందు ఒకాయన నడుస్తున్నాడు, మీరు వెనకాల ఆయన అడుగుల చప్పుడు వింటూ అదే వేగంతో నడుస్తున్నారు అనుకోండి. ఆయన ఎంత దూరంలో ఉన్నాడో మీకు తెలీదు, కానీ ఆ దూరం పెరగదు, తరగదు. అప్పుడప్పుడూ కేకేసి దూరం కనుక్కోవడం పీటీపీ, అడుగులో అడుగు వేయడం సింక్‌ఈ. క్లాసుల్లో రెండిటినీ కలిపి "టైమ్ సింక్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, తికమకంతా అక్కడే మొదలు.

మరి ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుంది? దానికంటూ వేరే వైరు లేదు, ప్యాకెట్ లేదు. 10 గిగాబిట్ ఫైబర్ లింకులో సెకనుకి 1031 కోట్ల 25 లక్షల బిట్లు పోతాయి, ఒక్కోటి దాదాపు 97 పికోసెకన్లు. ప్రతి 64 బిట్ల ముందు రెండు బిట్ల హెడర్ ఉంటుంది, అది 01 లేదా 10 మాత్రమే, అంటే 66 బిట్లలో కనీసం ఒక్కసారైనా సిగ్నల్ మారి తీరాలి, మిగతా బిట్లని స్క్రాంబ్లర్ కలగాపులగం చేసి ఇంకా బోలెడు మార్పులు పుట్టిస్తుంది. రిసీవర్ ఆ అంచులు పట్టుకునే అవతలి క్లాక్ వేగాన్ని తెలుసుకుంటుంది. ఇది ప్రతి కార్డూ చేసేదే, లేకపోతే బిట్లే చదవలేదు! మామూలు కార్డు ఆ క్లాక్‌తో చదివేసి వదిలేస్తుంది, పంపేటప్పుడు సొంత క్రిస్టల్ క్లాక్ వాడుతుంది. సింక్‌ఈ కార్డు దాన్ని డీపీఎల్ఎల్‌కి (వచ్చిన క్లాక్ వేగాన్ని పట్టుకుని అనుసరించే సర్క్యూట్) ఇచ్చి, జిట్టర్ (అంచుల్లో చిన్న చిన్న ఊగిసలాట) వడగట్టి, తను పంపే బిట్లని కూడా అదే వేగంతో పంపుతుంది. డేటా లేనప్పుడు కూడా ఐడిల్ కోడ్‌లు పోతూనే ఉంటాయి, అంటే ముందాయన చేతిలో మూట ఉన్నా లేకపోయినా అడుగు ఆపడు. అందుకే ట్రాఫిక్ ఎంత కిక్కిరిసినా సింక్‌ఈకి ఏమీ కాదు.

ఇదెందుకు ముఖ్యమంటే, 5జీ టీడీడీ (ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా పంపడం, అందుకోవడం) బేస్ స్టేషన్లకి ±1.5 మైక్రోసెకన్ల తేడాయే అనుమతి. పీటీపీ ప్యాకెట్లు ఆగిపోయి క్రిస్టల్ 1 పీపీఎమ్ (పది లక్షల్లో ఒక వంతు) పక్కకి జరిగిందంటే ఆ కాస్తా సెకనున్నరలో అయిపోతుంది. సింక్‌ఈ ఉంటే కేక వినపడకపోయినా అడుగు తప్పదు.

ఒక ప్రమాదం ఉంది. ఇద్దరూ గుండ్రంగా తిరుగుతూ ఒకరి అడుగులు ఒకరు వింటుంటే నడిపించేవాడే ఉండడు, వేగం ఎటో కొట్టుకుపోతుంది. అందుకే ఈఎస్ఎమ్‌సీ (సింక్‌ఈ కోసం లింకు మీద నడిచే సమాచార ఛానల్) మెసేజ్‌లు సెకనుకొకటి చొప్పున క్లాక్ క్వాలిటీ చెప్తుంటాయి, 5 సెకన్లు రాకపోతే ఆ పోర్టుని నమ్మరు. క్లాక్ ఏ పోర్టు నుంచి తీసుకున్నామో ఆ పోర్టులోకే తిరిగి డీఎన్‌యూ, అంటే "నన్ను వాడొద్దు" అని పంపుతారు.

లైనక్స్ హోస్టులో ఈ సింక్‌ఈ పని సింక్‌ఈ4ఎల్ అనే ప్రోగ్రామ్‌ది, కార్డు గడియారం పీటీపీ4ఎల్‌ది, సిస్టమ్ గడియారం పీహెచ్‌సీ2సిస్‌ది. కార్డు వివరాలు చూపించే ఈథ్‌టూల్‌లో హార్డ్‌వేర్ టైమ్‌స్టాంపింగ్ కనిపించినంత మాత్రాన సింక్‌ఈ ఉన్నట్టు కాదు, కార్డులో దానికి తగ్గ డీపీఎల్ఎల్ ఉండాలి. నెట్‌వర్క్ ఆప్షన్ (క్వాలిటీ కోడ్‌లకి ఉన్న రెండు పద్ధతుల్లో ఏది వాడాలన్న సెట్టింగ్) 1 ఆ 2 ఆ అన్నది స్విచ్‌లో ఎలా ఉంటే ఇక్కడా అలాగే పెట్టండి, తేడా వస్తే క్వాలిటీ కోడ్‌లు తప్పుగా అర్థమవుతాయి. పీహెచ్‌సీ2సిస్, క్రోనీ (ఇంకో టైమ్ సింక్ ప్రోగ్రామ్) రెండూ సిస్టమ్ గడియారాన్నే తిప్పేలా వదలొద్దు. సరిగ్గా 37 సెకన్లు తేడా కనిపిస్తే టీఏఐకి (లీప్ సెకన్లు కలపని అణు గడియారాల టైమ్), యూటీసీకి (మామూలు ప్రపంచ టైమ్) మధ్య ఆఫ్‌సెట్ సెట్ కాలేదని అర్థం, సర్వీసులన్నీ రీస్టార్ట్ చేస్తే అదే సర్దుకుంటుందనేది వట్టి మూఢనమ్మకం.

అన్నిటికన్నా ఎక్కువమంది పట్టించుకోనిది మధ్యలో స్విచ్. సింక్‌ఈ లేని స్విచ్ ఒక్కటి దారిలో ఉన్నా ప్యాకెట్లు చక్కగా దాటతాయి గానీ క్లాక్ అక్కడే తెగిపోతుంది, అవతల మీకు వినపడేది ఆ స్విచ్ సొంత అడుగులే. కాన్ఫిగర్ చేశాక క్లాక్ వచ్చే కేబుల్ ఒకసారి పీకి చూడండి, వేరే సోర్స్ లేకపోతే డీపీఎల్ఎల్ లాక్డ్ (బయటి క్లాక్‌ని పట్టుకున్న స్థితి) నుంచి హోల్డోవర్‌కి (చివరి వేగాన్ని గుర్తుపెట్టుకుని సొంతంగా నడిచే స్థితి) మారాలి, మళ్లీ పెట్టాక లాక్డ్‌కి రావాలి. పీకినా లాక్డ్ అనే చూపిస్తుంటే అది ఇంకెక్కణ్ణుంచో క్లాక్ తీసుకుంటోంది, ముందు అదెక్కడో వెతకండి.